మూసిన ఎన్‌సీఆర్ మళ్లీ ఎందుకు తెరుచుకుంటోంది? సైటు భద్రత, నాణ్యత తనిఖీల్లో సమస్యలు - పరిష్కారాలు

నిర్మాణ స్థలాలకు తనిఖీకి వెళ్లే కన్సల్టెంటు బాధ్యత లోపాన్ని ఎన్‌సీఆర్‌లో (నాన్-కన్ఫార్మెన్స్ రిపోర్ట్, అంటే లోపాన్ని నమోదు చేసే నివేదిక) రాసి ఇవ్వడంతో తీరిపోదు. అదే లోపం మూడో నెలలోనూ కనిపిస్తే, కాంట్రాక్టరుతో పాటు మన నివేదికనూ పరీక్షకు పెట్టాలి. నాకు తరచుగా ఎదురయ్యే నాలుగు లక్షణాలను, వాటి వెనుక ఉండే కారణాలను ఇక్కడ వివరిస్తున్నాను.

లక్షణం 1: లోపం సరిచేశారు, నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది

ఒక బహుళ అంతస్తుల భవనంలో, తొమ్మిదో అంతస్తు స్లాబు అంచున సామాను దించుకునే చోట గార్డు రైలు (మనుషులు పడిపోకుండా అడ్డుగా బిగించే పైపులు) లేదని రాశాను. మర్నాడే పైపులు బిగించి, పసుపు రంగు కూడా వేసి ఫోటో పంపారు. దాన్ని చూసి ఎన్‌సీఆర్ మూసేశాం. నెల తర్వాత వెళ్లి చూస్తే పైపులు గోడకు ఆనించి ఉన్నాయి, వాటి కప్లర్లన్నీ (పైపులను కలిపి బిగించే క్లాంపులు) ఖాళీ సిమెంటు సంచిలో వేసి మూతి కట్టి ఉన్నాయి. నిర్లక్ష్యంగా ఊడబీకిన వారెవరూ కప్లర్లను అలా భద్రం చేయరు. ఆ సంచిని చూశాకే కారణం మరోచోట ఉందని నాకు అర్థమైంది.

ప్లైవుడ్, టైల్సు లోపలికి తీసుకోవాలంటే ఆ రైలు అడ్డం వస్తుంది కనుక విప్పక తప్పదు. విప్పేది టైల్సు కాంట్రాక్టరు మనుషులు, బిగించాల్సింది సెంట్రింగ్ మేస్త్రీ మనుషులు. తిరిగి బిగించే పనికి బిల్లులో ఐటం లేదు కనుక ఆ కూలి ఎవరిస్తారో తేలలేదు. ఇంత ఉండగా, కారణం రాసే గడిలో ‘కార్మికుల అజాగ్రత్త’ అని రాస్తే మనం ఏమీ వెతకలేదని ఒప్పుకున్నట్టే.

పరిష్కారం ఈ క్రమంలో వెళ్లాలి. సామాను దించే చోట విప్పే రైలు తీసేసి, లోపలి వైపు తెరుచుకుని తనంతట తానే మూసుకునే గేటు పెట్టించాలి. గేటు తెరిచి ఉన్నంతసేపు అక్కడ నిలబడే మనిషికి హార్నెస్ కొక్కెం తగిలించుకునేందుకు గట్టి ఆధారం చూపించాలి. మిగతా అంచుల్లో రైలు విప్పడానికి ఆ షిఫ్టు వరకే చెల్లే పర్మిట్ ఇచ్చి, విప్పినవారే బిగించి వెళ్లాలన్న షరతును, దానికి అయ్యే ఖర్చును ఒప్పందంలోకి ఎక్కించాలి. పనిచోట ఆరోగ్యం, భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 45001:2018లోని 10.2 క్లాజు లోపాన్ని సరిచేయడంతో ఆగదు. కారణాన్ని వెతకమని, తీసుకున్న చర్య ఫలించిందో లేదో సమీక్షించమని కూడా చెబుతుంది. అందుకే మా ఎన్‌సీఆర్‌లో ఇప్పుడు సరిచేసిన తేదీ, నిర్ధారించిన తేదీ అని రెండు గడులు ఉంటాయి. పైన మరో స్లాబు పూర్తయ్యాక స్వయంగా చూడనిదే రెండోది నింపం.

లక్షణం 2: క్యూబులు పాసయ్యాయి, కాలమ్ అడుగున తేనెపట్టు కనిపిస్తోంది

క్యూబులంటే బలం పరీక్షించేందుకు పోసే కాంక్రీటు దిమ్మెలు; తేనెపట్టు అంటే గట్టిపడిన కాంక్రీటులో కంకర మధ్య మిగిలిపోయిన ఖాళీలు. ఇందులో వైరుధ్యం లేదు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్ల కాంక్రీటుకు 4 నమూనాలు, ఒక్కో నమూనాకు 3 క్యూబులు తీస్తాం. వాటిని విడిగా కూరి, నీటి తొట్టిలో నానబెడతాం కనుక అవి ప్లాంటు పంపిన కాంక్రీటు ఎలాంటిదో చెబుతాయి; దాన్ని కాలమ్‌లో ఎలా పోశారో, ఎలా కూరారో చెప్పలేవు. షట్టరింగ్ అడుగు సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోవడం, బీము కలిసే చోట కడ్డీలు దట్టంగా ఉండి వైబ్రేటర్ నీడిల్ (కాంక్రీటును కదిలించి కూరే గొట్టం) దూరకపోవడం ఇక్కడ సాధారణ కారణాలు. పోసే ముందే ఆ జంక్షన్‌లోకి నీడిల్ దించి చూడాలి; దిగకపోతే సన్న నీడిల్ తెప్పించాలి, లేదా డిజైనరుతో మాట్లాడి కడ్డీల అమరిక మార్పించాలి. మిక్సరు లారీ ఆలస్యమై కాంక్రీటు బిగుసుకుంటే డ్రైవరు నీళ్లు కలపడానికి చూస్తాడు. అతన్ని మందలించడం కంటే, స్లంప్ (కాంక్రీటు జారుడుతనం కొలత) తగ్గితే ఏ అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) ఎంత వేయాలో, ఎవరి అనుమతితో వేయాలో ముందుగా ప్లాంటుతో రాయించుకోవడం మేలు.

క్యూరింగ్‌కు (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడానికి) కూడా రిజిస్టరును నమ్మకండి. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ వంటివి కలిసిన సిమెంటుకు, అలాగే పొడి వేడి వాతావరణంలో, కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. పోసిన తేదీని కాలమ్ మీదే రంగుతో రాయించి, చుట్టిన గోనెపట్టాను మధ్యాహ్నం మూడింటికి చేత్తో తాకి చూడండి. తెల్లవారి పోసిన నీళ్లు అప్పటికి ఆరిపోయి ఉంటే, మధ్యాహ్నం నీళ్లు పట్టే మనిషి లేడని అర్థం.

లక్షణం 3: త్రుటిలో తప్పిన ప్రమాదాల రిజిస్టరు ఖాళీగా ఉంది

చెప్పినవారికి చీవాట్లు పడుతూ ఉండవచ్చు, లేదా చెప్పడానికి భాష అడ్డు వస్తూ ఉండవచ్చు. హైదరాబాద్ సైట్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ కార్మికులు ఎందరో ఉంటారు. వారికి తెలుగులో మాత్రమే టూల్‌బాక్స్ టాక్ (పని మొదలుపెట్టే ముందు ఇచ్చే చిన్న భద్రతా ప్రసంగం) ఇస్తే తల ఊపి వెళ్లిపోతారు. వారి భాష తెలిసిన ముఠా మేస్త్రీతో మాట్లాడించాలి. మొదట వచ్చిన ఫిర్యాదును అదే రోజు సరిచేసి, మర్నాటి ఉదయం అందరికీ చూపించాలి.

లక్షణం 4: ఆడిట్ మార్కులు పెరుగుతున్నాయి, గాయాలు తగ్గడం లేదు

ఇక్కడ లోపం మనదే. చెక్‌లిస్టు పునాదుల దశలో రాసినదై ఉంటుంది, పని మాత్రం భవనం ముఖభాగపు గాజు పనులకు, లిఫ్టు బిగింపుకు చేరి ఉంటుంది. దశ మారినప్పుడల్లా మేస్త్రీలను కూర్చోబెట్టుకుని జాబితాను తిరగరాయాలి. మార్కుల శాతం బదులు, గత మూడు నెలల లోపాల్లో ఎన్ని రెండోసారి వచ్చాయో నివేదిక మొదటి పేజీలోనే వేసి, వాటిలో ఒక్కోదాని పక్కన మనం అప్పుడు సూచించిన పరిష్కారాన్ని కూడా ముద్రించాలి.