పుస్తకం చూసి బ్యాంజో నేర్చుకోవాలంటే

ముందే చెప్తున్నా, ఇది మన పెళ్లి బ్యాండుల్లో టైప్‌రైటర్ మీటల్లాంటివి నొక్కి వాయించే బ్యాంజో కాదు, అమెరికాలో బ్లూగ్రాస్ అనే జానపద శైలి పాటల్లో వినిపించే ఐదు తీగల బ్యాంజో. పుస్తకం కొనేటప్పుడు అట్ట మీద ఐదు తీగలది అని ఉందో లేదో చూడండి, ఎందుకంటే నాలుగు తీగలవాటికి పద్ధతే వేరు.

మొదట శ్రుతి. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని నాలుగో తీగ నుంచి ఒకటో తీగ దాకా వరుసగా డి, జి, బి, డి (పాశ్చాత్య స్వరాల పేర్లు) వచ్చేలా బిగించండి. ఐదో మెట్టు దగ్గర మొదలయ్యే పొట్టి తీగ, అంటే ఐదో తీగ, పై స్థాయి జి.

పుస్తకంలో స్వరాల బదులు ఐదు గీతల మీద అంకెలుంటాయి. అంకె అంటే నొక్కాల్సిన మెట్టు, సున్నా అంటే ఖాళీ తీగ. అందరూ తికమకపడేది ఇక్కడే: పై గీత ఒకటో తీగ, కానీ వాద్యం ఒళ్లో పెట్టుకుంటే అది కిందుంటుంది. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

తర్వాత కుడిచెయ్యి. 3-2-5-1-4-2-5-1 తీగల్ని బొటనవేలు, చూపుడువేలు, బొటనవేలు, మధ్యవేలు, మళ్లీ అదే వరుసలో మీటండి, మెట్రోనోమ్ (లయకి టిక్ టిక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒక్క దెబ్బ కూడా తడబడకుండా వచ్చేంత వరకు. విసుగే, కానీ ఇది వదిలేసి పాటల పేజీకి దూకితే వారంలో వెనక్కి రావాల్సిందే. తీగలు మీటడానికి వేళ్లకి తొడుక్కునే లోహపు పిక్‌లు గోళ్లలా పైకి కాదు, వేలి మెత్తటి వైపుకి ఉండాలి. నేను మొదట్లో తిప్పి పెట్టుకుని పుస్తకాన్నే తిట్టుకున్నా.