లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ మొదలే కావడం లేదా? డిస్క్ ఇమేజీని తిట్టకండి

లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ అంటే వర్చువల్ మెషీన్ల డిస్క్ ఇమేజీలను బయటి నుంచే తెరిచి మార్చే లైబ్రరీ; విర్ట్-కస్టమైజ్, గెస్ట్‌ఫిష్ దాని కమాండ్లు, సూపర్‌మిన్ అది లోపల వాడుకునే సాధనం.

లక్షణం: ఉబుంటు సర్వరులో నిన్నటి దాకా చక్కగా నడిచిన విర్ట్-కస్టమైజ్ గానీ, గెస్ట్‌ఫిష్ గానీ ఇవాళ సూపర్‌మిన్ ఎర్రర్ స్టేటస్ 1 అని చెప్పి ఆగిపోతుంది. సుడోతో, అంటే అన్ని హక్కులున్న రూట్ యూజరుగా నడిపితే మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు.

ఇది చూడగానే చాలామంది క్యూకౌ2 ఫైలు, అంటే డిస్క్ ఇమేజీ, పాడైందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చేస్తారు. సూపర్‌మిన్ దశలో మీ ఇమేజీని ఇంకా ఎవరూ తెరవనే లేదు. ముందు లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్-టెస్ట్-టూల్ నడపండి. దానికి మీ ఇమేజీ అక్కర్లేదు. చివర టెస్ట్ ఫినిష్డ్ ఓకే అని వస్తే లైబ్రరీ బాగున్నట్టే, అప్పుడు ఇమేజీ వైపు చూడవచ్చు. అయితే మీ స్క్రిప్టు ఏ యూజరు పేరుతో నడుస్తుందో ఆ యూజరుగానే నడపాలి. రూట్‌గా నడిపి ‘అంతా బాగానే ఉంది’ అనేవాళ్లకు జవాబిచ్చి నాకు విసుగొచ్చింది. లిబ్‌గెస్ట్‌ఎఫ్‌ఎస్ డీబగ్ వేరియబుల్‌ను 1 చేయమని ఆ ఎర్రరే చెబుతుంది. దాన్నీ ఎవరూ చదవరు.

కారణం: ఈ లైబ్రరీ డిస్క్ ఇమేజీని మీ హోస్టులో నేరుగా మౌంట్ చేయదు. వర్చువల్ మెషీన్లు నడిపే క్యూఈఎంయూతో ఒక బుల్లి వర్చువల్ మెషీన్‌ను లేపి, ఫైల్ సిస్టమ్ పనంతా దాని లోపల చేయిస్తుంది. ఆ బుల్లి మెషీన్‌కు కావాల్సిన కెర్నల్‌ను సూపర్‌మిన్ మీ బూట్ డైరెక్టరీ నుంచే కాపీ చేస్తుంది, అదీ మీ యూజరు హక్కులతోనే. ఉబుంటులో అక్కడి విఎమ్‌లినజ్ (కెర్నల్) ఫైళ్ల అనుమతులు 0600. ఎల్ఎస్ మైనస్ ఎల్ కొట్టి చూడండి: మొదటి ఆర్, డబ్ల్యూ తర్వాత అన్నీ గీతలే. రూట్ తప్ప ఎవరూ చదవలేరు. డెబియన్‌లో ఈ గొడవ లేదు. అందరూ డౌన్‌లోడ్ చేసుకోగల కెర్నల్‌ను దాచిపెట్టి ఏం సాధిస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మరి నిన్న ఎలా పనిచేసింది? నిన్నటి కెర్నల్‌కు ఎవరో ఎప్పుడో అనుమతి ఇచ్చి ఉంటారు. ఒకసారి తయారైన బుల్లి మెషీన్ వార్ టెంప్ డైరెక్టరీలో, యూజరుకొకటి చొప్పున, దాచి ఉంటుంది. రాత్రి ఆటోమేటిక్ అప్‌డేట్ కొత్త కెర్నల్ తెచ్చిందంటే దాన్ని మళ్లీ కట్టాలి, ఆ కొత్త ఫైలు మళ్లీ 0600.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. యూనేమ్ కమాండు చూపించిన కెర్నల్‌కు 0644, అంటే అందరూ చదవగల అనుమతి, ఇచ్చాను. ఎర్రర్ కదల్లేదు. గంటసేపు గ్రూపులూ యాప్‌ఆర్మర్ భద్రతా నియమాలూ తవ్వాను. తీరా చూస్తే సూపర్‌మిన్‌కు కావాల్సింది ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ కాదు, బూట్ డైరెక్టరీలో ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్తది. ఆ సర్వరును రీబూట్ చేయలేదు కాబట్టి అవి రెండూ వేర్వేరు.

పరిష్కారం: అక్కడున్న విఎమ్‌లినజ్ ఫైళ్లన్నిటికీ సీహెచ్‌మోడ్‌తో 0644 ఇవ్వండి. ఈ పూటకు గడుస్తుంది, వచ్చే అప్‌డేట్‌తో మళ్లీ మొదటికొస్తుంది. శాశ్వతంగా పోవాలంటే ఈటీసీ కింద కెర్నల్ పోస్ట్‌ఇన్‌స్ట్ డాట్ డి డైరెక్టరీలో ఒక చిన్న స్క్రిప్టు పెట్టండి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా దాని వెర్షన్ ఆ స్క్రిప్టుకు మొదటి ఆర్గ్యుమెంటుగా అందుతుంది. దాంతో, ఫైలు అనుమతులను నమోదు చేసే డీపీకేజీ-స్టాట్‌ఓవర్‌రైడ్ నడిపి 0644 నమోదు చేస్తే చాలు. స్క్రిప్టుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వండి, పేరులో చుక్క పెట్టకండి. చివర డాట్ ఎస్‌హెచ్ ఉన్న ఫైలును, ఆ డైరెక్టరీలోని స్క్రిప్టులను నడిపే రన్-పార్ట్స్ కనీసం ఒక హెచ్చరికైనా లేకుండా వదిలేస్తుంది. నా మొదటి స్క్రిప్టు అలాగే నెలల తరబడి ఊరికే పడి ఉంది.

‘సుడో ఉందిగా’ అంటారా? ఊరూపేరూ తెలియని ఇమేజీని తెరిచేటప్పుడు క్యూఈఎంయూను రూట్‌గా నడపడమంటే ఉన్న రక్షణల్లో ఒక పొరను చేతులారా తీసేయడమే.

ఇక మిగతావి. మొదలవుతుంది కానీ నత్తనడక నడుస్తుంటే కేవీఎం (వర్చువల్ మెషీన్లను వేగంగా నడిపే కెర్నల్ సదుపాయం) అందడం లేదు: మీ యూజరు కేవీఎం గ్రూపులో ఉన్నారో లేదో చూడండి, అద్దె క్లౌడ్ మెషీన్ అయితే నెస్టెడ్ వర్చువలైజేషన్ (వర్చువల్ మెషీన్ లోపల ఇంకోటి నడిపే వీలు) ఉందో లేదో అడగండి. ఫెడోరాలో రూట్‌గా నడిపినా ఇమేజీని చదవలేనంటే అది, బుల్లి మెషీన్‌ను లేపే లిబ్‌వర్ట్ బ్యాకెండ్ పని, బ్యాకెండ్‌ను డైరెక్ట్‌కు మార్చండి. వార్ టెంప్ నిండిపోవడం కూడా ఉంది, డీఎఫ్ కొడితే తెలుస్తుంది. ఇమేజీని మామూలు డైరెక్టరీలా చూపే గెస్ట్‌మౌంట్‌తో కాపీ చేసిన ఫైలు తర్వాత ఇమేజీలో కనబడకపోతే, గెస్ట్‌అన్‌మౌంట్ ముగిసినా వెనుక గెస్ట్‌మౌంట్ ఇంకా రాస్తూ ఉండవచ్చు. పిడ్-ఫైల్ ఆప్షన్ వాడి, ఆ ప్రాసెస్ పోయేదాకా ఆగండి. నడుస్తున్న వర్చువల్ మెషీన్ డిస్కులో రాసి పాడుచేసుకున్నవాళ్లకు పరిష్కారం బ్యాకప్ ఒక్కటే.

ఇవేవీ కాకపోతే టెస్ట్-టూల్ అవుట్‌పుట్ మొదటి లైను నుంచి చివరి దాకా జతచేసి అడగండి. చివరి మూడు లైన్ల స్క్రీన్‌షాట్ పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు.