ఎంసీబీ ఒక్కటే పెట్టి మోటార్‌ని వదిలేయకండి

"ఎంసీబీ (కరెంట్ మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా, మోటార్‌కి ఏం కాదులే" అనుకుంటారు చాలామంది, దెబ్బ తినేది అక్కడే. మోటార్‌ని డీఓఎల్‌లో (నేరుగా ఫుల్ సప్లై ఇచ్చి) ఆన్ చేయగానే ఫుల్ లోడ్ కరెంట్‌కి సుమారు 6 నుంచి 8 రెట్లు లాగుతుంది, దానికే ట్రిప్ అవ్వకూడదని మనం డీ కర్వ్ రకం ఎంసీబీ వేస్తాం, అది వెంటనే పడాలంటే దాని రేటింగ్‌కి 10 నుంచి 20 రెట్లు కరెంట్ రావాలి. అంటే షార్ట్ సర్క్యూట్‌కి బాగానే పనికొస్తుంది. కానీ బేరింగ్ పట్టేసి మోటార్ కాస్త ఎక్కువ లాగుతుంటే ఎంసీబీ చాలాసార్లు కదలదు, లోపల వైండింగ్ మాత్రం మెల్లగా మాడిపోతుంటుంది.

అందుకే కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్-ఆఫ్ చేసే కాయిల్ స్విచ్) కింద థర్మల్ ఓవర్‌లోడ్ రిలే పెట్టాలి. దాంట్లో బైమెటల్ (రెండు లోహాల పట్టీ) వేడెక్కి వంగితే 95-96 కాంటాక్ట్ తెరుచుకుంటుంది, కాయిల్‌కి సప్లై పోయి కాంటాక్టర్ పడిపోతుంది. డయల్‌ని నేమ్‌ప్లేట్ మీదున్న ఆంప్స్‌కి పెట్టండి, అంతే. స్టార్ డెల్టాలో (మోటార్‌ని ముందు స్టార్‌లో స్టార్ట్ చేసి తర్వాత డెల్టాకి మార్చే పద్ధతి) మాత్రం రిలే మెయిన్ కాంటాక్టర్ కింద, వైండింగ్ వైర్లలో ఉంటే నేమ్‌ప్లేట్ ఆంప్స్‌ని 0.58తో గుణించాలి, 20 ఆంప్స్ మోటార్ అయితే 11.6. ఇది మర్చిపోయి 20కే పెట్టేస్తే రిలే ఉన్నా లేనట్టే.

ఇంకో సంగతి, రిలే షార్ట్‌ని ఆపలేదు. పైన సరైన ఫ్యూజో ఎంసీబీయో లేకపోతే కాంటాక్టర్ పాయింట్లు అతుక్కుపోతాయి, కాబట్టి కాంటాక్టర్ కంపెనీ ఇచ్చే కోఆర్డినేషన్ టేబుల్ (ఏ కాంటాక్టర్‌కి ఏ ఫ్యూజో, ఏ ఎంసీబీయో చెప్పే పట్టిక) చూసే సైజు తీసుకోండి.

ఒకసారి మాటిమాటికీ ట్రిప్ అవుతోందని నన్ను పిలిచారు. ప్యానెల్ తీసి చూస్తే, నేను వెళ్ళేలోపే డయల్ చివరిదాకా తిప్పేసి ఉంది, అది చాలక 95-96 మధ్య చిన్న వైరు ముక్క వేసి బైపాస్ కూడా చేశారు! వైరు చుట్టూ పట్టించి కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్ పెడితే ఒక ఫేజ్‌లో సున్నా, మిగతా రెండిట్లో ఎక్కువ కరెంట్. ఫ్యూజ్ ఒకటి పోయింది, పాపం రిలే మొదట్నుంచీ నిజమే చెప్తోంది.

వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) ఉంటే ఓవర్‌లోడ్ అదే చూసుకుంటుంది, కానీ మోటార్ కరెంట్ పారామీటర్ ఫీడ్ చేయాలి. ఒకే డ్రైవ్ మీద రెండు మూడు మోటార్లు నడిపితే మాత్రం ఒక్కోదానికి విడిగా రిలే ఉండాల్సిందే.

అంతా అయ్యాక మోటార్ నడుస్తుండగా రిలే మీద టెస్ట్ నొక్కండి. కాంటాక్టర్ టక్కున పడకపోతే పవర్ ఆఫ్ చేసి కంట్రోల్ వైరింగ్ మళ్ళీ చూసుకోండి.