చెదపురుగును పెన్ను గీత మీద నడిపించడం ఎలా?

చాలా జాతుల్లో శ్రామిక చెదలకు, అంటే గూటి పనులు చేసేవాటికి, కళ్లు లేవు. అయినా మట్టి కింద, చీకట్లో, గూటి నుంచి తిండి దగ్గరికీ అక్కణ్ణుంచి గూటికీ దారి తప్పకుండా తిరుగుతాయి. పొట్ట అడుగున ఉన్న గ్రంథి నుంచి ఒక వాసన పదార్థాన్ని నేలకు రాసుకుంటూ ఒకటి పోతుంది, వెనక వచ్చేవి మీసాలతో దాన్ని పట్టుకుంటాయి. తిండి బాగా దొరికితే వచ్చిపోయేవన్నీ మళ్లీ మళ్లీ రాస్తాయి కాబట్టి దారి బలపడుతుంది. తిండి అయిపోతే వాసన మెల్లగా పోతుంది. పిల్లలకు ఇది కళ్లారా చూపించడానికి ఒక బాల్ పెన్ను చాలు. కానీ చాలామంది తొందరలో చెడగొట్టి, "ఇదంతా ఉత్తిదే" అనేస్తారు. ఉత్తిది కాదు, చేసే తీరులోనే తేడా.

కావలసినవి

గీతల్లేని తెల్లకాగితాలు, నీలం బాల్ పెన్ను, జెల్ పెన్ను, పెన్సిల్, బొమ్మలేసే మెత్తటి బ్రష్, మూతున్న గిన్నె, తడిపి పిండిన గుడ్డముక్క. అంతే.

ఎక్కడ వెతకాలి

నీళ్లు నిలిచే వరిచేలల్లో వద్దు. కోనసీమలో అయితే కొబ్బరితోటలో పడి చాలా రోజులైన మట్టను కర్రతో తిరగేయండి. మట్టిపూత కనిపించిందంటే లోపల ఉన్నట్టే. పశువులపాక గుంజల మొదట్లోనూ, సరుగుడు కర్రల కుప్ప అడుగునా దొరుకుతాయి. పుట్ట మాత్రం తవ్వకండి. నాగులచవితికి పాలు పోసే పుట్టయితే అసలే వద్దు. పాము ఉండొచ్చు, పైగా పుట్టను కదిలిస్తే ముందు ఎగబడేవి సైనిక చెదలే.

చెదల్ని తీయడం: అందరూ తప్పు చేసేది ఇక్కడే

వేళ్లతో పట్టుకోవద్దు. వాటి ఒళ్లు ఎంత మెత్తనంటే, పైకి ఏమీ కానట్టు కనిపించినా లోపల నలిగిపోతాయి. నలిగిన చెద ఏ గీతా పట్టదు. చెదలున్న మట్ట ముక్కను మట్టిపూతతో సహా విరిచి, తడిగుడ్డ పరిచిన గిన్నెలో పెట్టి మూతేయండి. గుడ్డ నీళ్లు కారేలా ఉండకూడదు, మునిగిపోతాయి. పొడిగా ఉంటే అంతకంటే ముప్పు. వాటి చర్మం పల్చన, ఎండలో కాసేపుంటే ఎండిపోయి చస్తాయి. గిన్నెను నీడలోనే తీసుకురండి.

ఇంటికి రాగానే కాగితం మీద కుమ్మరించేస్తారు, అదే అసలు తప్పు. కదిలించిన చెదలు బెదిరి నాలుగు దిక్కులా పరిగెడతాయి. ఆ టైంలో ఎంత మంచి గీత గీసినా దాటుకుని పోతాయి. గిన్నెను చీకట్లో అరగంట వదిలేయండి. మూత తీసి చూస్తే పరుగులు ఆపి గుంపుగా చేరి, ఒకదాని మీసాలు ఒకటి తాకుతూ ఉండాలి. అలా లేకపోతే మూతేసి ఇంకాసేపు ఆగండి.

తర్వాత తల లేతరంగులో గుండ్రంగా ఉన్న వాటినే బ్రష్ మీదికి ఎక్కించుకోండి. పెద్ద గోధుమరంగు తల, ముందుకు పొడుచుకొచ్చిన దవడలు ఉన్నవి సైనికులు, వాటిని వదిలేయండి. ఫ్యాన్ ఆపండి. చుట్టుపక్కల చీమ ఒక్కటి కూడా ఉండకూడదు.

గీత గీయడం, నడిపించడం

సన్నగా, ఒక్కసారే, అప్పటికప్పుడు గీయండి. వంకర గీతే గీయాలి. తిన్నటి గీత మీద తిన్నగా నడిస్తే ఏం రుజువైనట్టు? ఎనిమిది అంకె అయితే ఇంకా మంచిది. అదే ఆకారం పక్కనే జెల్ పెన్నుతోనూ పెన్సిల్‌తోనూ గీయాలి. దీన్ని చాలామంది ఎగరగొడతారు. పెన్సిల్ మొన కూడా కాగితం మీద గాడి వేస్తుంది. ఆ గాడిని పట్టించుకోని చెద బాల్ పెన్ను గీతను పట్టిందంటేనే పని చేసింది వాసన అని తేలుతుంది. మార్కర్‌తో పెద్ద వలయం గీసి మధ్యలో వదిలే పద్ధతి నేను ఒప్పుకోను. ఘాటుకు బెదిరి లోపల తిరుగుతోందో, దారి పట్టిందో ఎలా చెబుతాం?

బ్రష్‌ను గీత మొదట్లో ఆనించి చెదను దిగనివ్వండి. మీసాలు రెండూ గీతకు అటూ ఇటూ ఆడిస్తూ కదులుతుంది. మలుపు దగ్గర కొంచెం ముందుకు పోయి, ఒక మీసానికి వాసన అందక ఆగి, తల తిప్పి మళ్లీ గీత మీదికి వస్తుంది. అప్పుడు కాగితాన్ని మెల్లగా సగం చుట్టు తిప్పండి. దిక్కు మారినా గీతను వదలదు. మధ్యలో వేలెడు ఖాళీ వదిలి ఇంకో గీత గీసి చూడండి, ఆ ఖాళీ దగ్గర తడబడుతుంది.

ఇంతకీ పెన్నులో ఏముంది? చాలా బాల్ పెన్నుల సిరాలో 2-ఫినాక్సీఇథనాల్ అనే ద్రావకం ఉంటుంది. చెదల అసలు వాసన వేరు. 1968లో అమెరికాలోని విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఒక చెద జాతి నుంచి దాన్ని వేరు చేశారు, పన్నెండు కార్బన్ల ఆల్కహాల్ అది. గ్రాములో లక్ష కోట్లో వంతు లెక్కన కొలిచేంత తక్కువ ఉన్నా చెద పసిగడుతుంది. ద్రావకం అది కాకపోయినా మీసాలు మోసపోతాయి. అన్ని పెన్నుల్లోనూ ఇది ఉండదు, అన్ని జాతుల చెదలూ ఒకేలా స్పందించవు. ఒక పెన్ను పని చేయకపోతే కంపెనీ మార్చి చూడండి.

ఇంటి గోడ మీద మట్టి దారి గీకేసి చెద పోయిందనుకునేవాళ్లకు ఇది తప్పకుండా చూపించండి. గోడ మీది మట్టి పోయినా, కింద గూడూ అక్కడికి పోయే దారులూ అలాగే ఉంటాయి. అందుకే మళ్లీ అక్కడే లేస్తుంది.

చూడటం అయ్యాక చెదల్ని ఆ రోజే, తెచ్చిన చోటే, ఆ మట్ట కింద వదలండి. గూటికి దూరంగా వదిలితే చీమల పాలవుతాయి.