అక్క ఊరికి మారే ముందు అక్కడి డిసెంబరును చూడండి

అనంతపురం నుంచి అమెరికా వచ్చి, సియాటిల్‌లో ఉన్న అక్క దగ్గరికో అన్న దగ్గరికో మారాలా అని ఆలోచిస్తున్నవారికి నా మొదటి మాట: జులైలో చూసి నిర్ణయించుకోకండి. నేను అలాగే చేశాను. రాత్రి తొమ్మిదింటికీ వెలుగు, మబ్బు లేని ఆకాశం, దూరంగా మంచు కప్పుకున్న రెయినీర్ పర్వతం. ఆ సంబరంలోనే అక్క ఇంటికి పది నిమిషాల దూరంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను.

నవంబరు వచ్చేసరికి ఆ పర్వతం మబ్బుల వెనక్కి పోయింది. డిసెంబరు మూడో వారంలో అక్కడ పగలు ఎనిమిదిన్నర గంటలే. సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. వాన కూడా మనం ఎరిగిన వాన కాదు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. వచ్చిందంటే ఉరుములతో, ఎర్రమట్టి వాసనతో వస్తుంది; వేరుశనగ వేసినవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. సియాటిల్‌లో 900 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది కానీ, రోజుల తరబడి తుంపరగా. వాన కోసం మొక్కుకునే ఇంట్లో పుట్టిన నాకు వానను చూసి దిగులు పుట్టడం తప్పు చేసినట్టనిపించింది. ఆ సంగతి అక్కతో చెప్పడానికి రెండు నెలలు పట్టింది. మీరు అన్నాళ్లు ఆగకండి. వెలుతురు తగ్గిన రోజుల్లో మనసు కుంగడం వైద్యులు గుర్తించిన ఇబ్బందే. డాక్టరుతో మాట్లాడండి. తుంపర పడుతున్నా మధ్యాహ్నం కోటు వేసుకుని అరగంట నడవండి.

తడి అసలే పడదనుకునేవారికి అదే రాష్ట్రంలో కాస్కేడ్ కొండలకు తూర్పున యాకిమా అనే ఊరు ఉంది. అక్కడ ఏడాది వాన దాదాపు 200 మిల్లీమీటర్లే, అనంతపురం కంటే తక్కువ. పడమటి కనుమలు దాటేసరికి మబ్బులు వట్టిపోయి మన జిల్లాకు వచ్చినట్టే, సముద్రపు తేమంతా కాస్కేడ్ కొండల పడమటి వాలులోనే కురిసిపోతుంది. యాకిమా చుట్టూ ఉన్న బోడికొండలను చూడగానే నాకు పెనుకొండ దారి గుర్తుకొచ్చి గొంతు పట్టేసింది. అయితే డిసెంబరు పగలు అక్కడా చిన్నదే, చలి ఇంకా ఎక్కువ. సియాటిల్‌కు దాదాపు 230 కిలోమీటర్లు. మధ్యలో స్నోక్వాల్మీ కనుమ. మంచు బాగా పడితే ఆ దారి మూసేస్తారు.

పండుగలకు కలిస్తే చాలనుకుంటే అటు వెళ్లండి. చంటిపిల్లలుంటే మాత్రం అక్క దగ్గరే ఉండండి. మా పాపకు జ్వరం వచ్చిన ఒక జనవరి రాత్రి అక్క పది నిమిషాల్లో గుమ్మంలో ఉంది. ఆ రాత్రి తర్వాత ఇల్లు మారే ఆలోచన మానుకున్నాను.

ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిచేటప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు లోపే రప్పించండి. మా అమ్మ జులైలో వచ్చి అక్క ఇంటి పెరట్లో వడియాలు పెట్టింది. అవి గలగలలాడడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ సాయంత్రం తిరగేసి చూసుకుంటూ అక్కడే కూర్చునేది.