ఒక్క ఫోనుతో తరగతిలో శబ్దకథ ఎలా చేయించాలి?

శబ్దకథ అంటే బొమ్మలు లేకుండా, మాటలతో చప్పుళ్లతోనే చెప్పి రికార్డు చేసే చిన్న కథ. కావలసినవి: ఒక ఫోను, అందులో ఉండే వాయిస్ రికార్డర్, చేట, దోసెడు చింతగింజలు, రెండు కొబ్బరి చిప్పలు, పాత ఎక్స్‌రే ఫిల్ము. ఫోను ఒక్కటే ఉండాలి. జట్టుకొకటి ఇస్తే పిల్లలు కథ మానేసి ఫోటోలు దిగుతారు.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఎవరితోనైనా చేయించవచ్చు. ఆరుగురేసి జట్లు కట్టించండి. కథ జరిగే చోటు మీరు చెప్పండి, ఏం జరిగిందో మాత్రం చెప్పకండి. నేను చంద్రగిరి కోట ఇస్తాను. తిరుపతి పక్కనే కాబట్టి సగం మంది చూసే ఉంటారు.

అసలు చిక్కంతా ఇప్పుడే. ఫోనును బీరువాలో పెట్టి, గోడ మీది పెద్ద తెర ఆర్పేసి, పిల్లలను కళ్లు మూసుకోమనండి. ఒకే ప్రశ్న వేయండి: "అర్ధరాత్రి. కోటలోని రాజమహల్ మెట్ల మీద నిలబడ్డారు. ఏం వినిపిస్తోంది?" ఆ తర్వాత మాట్లాడకుండా ఉండవలసింది పిల్లలు కాదు, మీరు.

రెండు నిమిషాల నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. చాలామంది టీచర్లు అక్కడే ఓడిపోయి, "ఉదాహరణకు గుర్రపు డెక్కల చప్పుడు" అనేస్తారు. ఇక ఆ రోజుకు ఊహలన్నీ గుర్రమెక్కి పోయినట్లే. మొదటిసారి నేనూ అదే చేశాను. ఏడు జట్లు ఏడు గుర్రాలను తెచ్చాయి. తేడా అల్లా ఒక జట్టు గుర్రం సకిలించింది.

ఉదాహరణ ఇవ్వకపోయినా ముందు వచ్చేవి సినిమా శబ్దాలే: కత్తులు, నగారాలు, గజ్జెలు. కాదనకండి. బోర్డు మీద రాసి, "ఇంకా?" అనండి. మూడో "ఇంకా"కు సినిమా అయిపోయి సొంత ఊరు మొదలవుతుంది. ఒకసారి ఒక పిల్లవాడు స్వర్ణముఖి పారే శబ్దం అన్నాడు. ఏట్లో నీళ్లెక్కడివి, ఉన్నదంతా ఇసుకే కదా అని మరొకడు అడ్డుపడ్డాడు. రాజుల కాలంలో ఉండేవని చివరకు వాళ్లే తేల్చుకున్నారు. పావుగంట పోయింది. పోనివ్వండి.

అప్పుడు ఒకే ఒక్క నిజం చెప్పండి: రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. నేను ఈ మాట చెప్పగానే ఏడో తరగతి అమ్మాయి, "అయితే మేడమ్, మిద్దె మీద ఎవరైనా నడిచినా కిర్రుమనదు కదా?" అంది. పైన ఎవరున్నారో తెలియక కింద వణికిపోయే కాపలావాడి కథ ఆ జట్టుది.

తెర మీద డ్రోన్ వీడియో చూపించి "ఇక ఊహించండి" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోట మొత్తం కళ్ల ముందు పెట్టాక ఊహించడానికి ఏం మిగిలింది? యంత్రం మీద నాకు కోపం లేదు. రికార్డర్‌లో కదిలే గీత నాకు చాలా ఇష్టం. అరిచినచోట అది ఎగసి, ఆగినచోట చదునవుతుంది. తడబాటు లేకుండా గడగడా చదివేసే పిల్లలకు ఆ గీత చూపిస్తే చాలు, మాట మధ్య ఆగడం తెలుస్తుంది.

మిగిలినదంతా తేలిక. ఫ్యాన్లు ఆపి, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, నోటికి జానెడు దూరంలో ఉంచండి. మైకు సాధారణంగా కింది అంచున ఉంటుంది, చేయి అడ్డు పెట్టనివ్వకండి. చింతగింజలు పోసిన చేటను మెల్లగా వంచితే వాన, ఫిల్మును ఊపితే ఉరుము. గుర్రం కావాలన్నవాళ్లకు కొబ్బరి చిప్పలు. ఇంటర్నెట్‌లో దొరికే శబ్దాలు నిషేధం, నేపథ్య సంగీతం అంతకన్నా నిషేధం. కథ రెండు నిమిషాలు దాటకూడదు.

కిటికీలు మూసి అందరికీ వినిపించండి. కోట ఫోటో ఆ తర్వాతే తెర మీద వేయండి. "మా కోట ఇంతకన్నా పెద్దది మేడమ్" అంటారు. దిద్దకండి.

రికార్డింగులను ఆ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆటల యాప్‌కు చోటు చాలక మా అబ్బాయి నా ఫోనులోని మూడు కథలు చెరిపేశాడు.