బిల్లింగ్ డేటాబేస్ ఎప్పుడు మార్చాలి: బెంగళూరు చిక్‌పేట హోల్‌సేల్ కొట్లవాళ్లకు

బిల్లు ఆలస్యంగా పడుతోందన్న ఒక్క కారణంతో డేటాబేస్ వెర్షన్ మార్చకండి. చాలాసార్లు అసలు తప్పు పాత హార్డ్ డిస్క్‌దో, లేని ఇండెక్స్‌దో (వెతుకులాటను వేగం చేసే సూచిక), ఏళ్లుగా అప్‌డేట్ చేయని స్టాటిస్టిక్స్‌దో (ఏ డేటా ఎంత ఉందో డేటాబేస్ రాసుకునే లెక్క) అయి ఉంటుంది. ముందు ఎస్‌ఎస్‌డీ వేయించి, స్టాటిస్టిక్స్ అప్‌డేట్ చేయించి ఒక వారం చూడండి.

తప్పక మార్చాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఒకటి, సపోర్ట్ గడువు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014కు 2024 జులై 9తో, మైఎస్‌క్యూఎల్ 5.7కు 2023 అక్టోబర్‌తో గడువు తీరింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కు 2026 జులై 14 ఆఖరు. రెండు, ఆడిట్ ట్రయల్. కంపెనీగా రిజిస్టరైన వ్యాపారమైతే 2023 ఏప్రిల్ 1 నుంచి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదు కావాలి. పాత డేటాబేస్ వల్ల ఆ సౌకర్యం రాకపోతే ఇక ఆలోచించే పని లేదు.

మూడోది సైజు, దీన్నే ఎక్కువమంది పట్టించుకోరు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీయే హద్దు. మార్పులు నమోదయ్యే లాగ్ ఫైల్ ఇందులోకి రాదు, అసలు డేటా ఉండే ఎండీఎఫ్ ఫైల్ చూడండి. అది 8.2 జీబీ ఉండి నెలకు 150 ఎంబీ పెరుగుతుంటే మీ చేతిలో ఉన్నది ఏడాదే. నిండిన రోజున పాత బిల్లులు తెరుచుకుంటాయి గానీ కొత్త బిల్లు సేవ్ కాదు, 1105 ఎర్రర్ వస్తుంది. అది దీపావళి ముందు శనివారమైతే కొట్టు నిండా గిరాకీ నిలబడిపోతుంది. 8 జీబీ దాటగానే మార్చే పని మొదలుపెట్టండి.

ముందుగా నిన్నటి బ్యాకప్‌ను కొత్త వెర్షన్ ఉన్న వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. డేటాబేస్ పాడైందేమో చూసే డీబీసీసీ చెక్‌డీబీ కమాండ్ నడపండి. తప్పులు చూపిస్తే అవి సరిచేసేదాకా ముందుకు వెళ్లొద్దు. యూజర్ లాగిన్లు, రాత్రి బ్యాకప్ జాబులు ఆ బ్యాకప్‌తో రావు, విడిగా తెచ్చుకోవాలి. పోయిన నెల జీఎస్‌టీఆర్-1, ముగింపు స్టాకు, పార్టీల బాకీలు రెండు చోట్లా తీసి పైసాతో సహా సరిచూడండి. కంపాటిబిలిటీ లెవెల్‌ను (డేటాబేస్ ఏ వెర్షన్ తీరున నడవాలో చెప్పే సెట్టింగ్) మాత్రం కొన్ని వారాలు పాతదే ఉంచండి. వెర్షన్, లెవెల్ రెండూ ఒకేసారి మారిస్తే, రిపోర్టు నెమ్మదించినప్పుడు కారణం దొరకదు.

నెలలో 20వ తేదీ దాటాక, శ్రావణం నుంచి దీపావళి దాకా కాని రోజుల్లో, శనివారం రాత్రి మార్చండి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు. సోమవారం బిల్లులు పడ్డాక వెనక్కి వెళ్లాలంటే వాటన్నిటినీ చేత్తో మళ్లీ ఎక్కించాల్సిందే. అందుకే ఉంచాలా, వెనక్కి వెళ్లాలా అన్నది ఆదివారం సాయంత్రానికే తేల్చండి. పాత డేటాబేస్‌ను రీడ్-ఓన్లీ (చూడటానికి మాత్రమే) చేసి పెట్టండి. లేకపోతే ఏదో ఒక కౌంటర్ పాత సర్వర్‌కే తగులుకుని అక్కడ బిల్లులు కొడుతూ ఉంటుంది.